కారు తోపా, బైకు తోపా? వైజాగ్‌లో స్పీడ్ బళ్ళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి మేం కొంతమందిమి ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కలుస్తాం, అక్కణ్ణుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళి టిఫిన్ చేసి ఎండెక్కే లోపు ఇళ్ళకొచ్చేస్తాం. బైకుల్లో యమహా ఆరెక్స్ 100 నుంచి సుజుకీ హయబుసా దాకా, కార్లలో పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో నుంచి బీఎండబ్ల్యూ ఎం340ఐ దాకా అన్నీ వస్తాయి. బళ్ళు మారతాయి, మనుషులు మారతారు, డౌట్లు మాత్రం అవే. ప్రతిసారీ ఇడ్లీ చల్లారిపోయేదాకా చెప్పిందే చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఇంకా పోస్టర్లు చూసుకునే దశ

హయబుసాకీ పోర్షే 911కీ రేస్ పెడితే ఎవరు గెలుస్తారు?

ముందు ఏ 911 అన్నది చెప్పాలి. 2024 దాకా వచ్చిన మామూలు 911 కరెరా అయితే 385 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే), బరువు సుమారు 1500 కేజీలు. 2021లో వచ్చిన హయబుసా 190 పీఎస్, 266 కేజీలు. 75 కేజీల మనిషిని రెండిట్లోనూ కూర్చోబెట్టి లెక్కేస్తే టన్నుకి బైక్ దగ్గర 550 పీఎస్ పైన వస్తుంది, కార్ దగ్గర 245 లోపే ఆగిపోద్ది, అంటే రెండింతల పైనే తేడా, స్ట్రెయిట్ రోడ్డులో ఆ కరెరాకి బైక్ అందదు. కానీ ఆ తరం 911 టర్బో ఎస్ తెస్తే కథ వేరు, 650 పీఎస్, నాలుగు చక్రాలకీ పవర్, సున్నా నుంచి వందకి 2.7 సెకన్లని కంపెనీయే చెప్పింది. స్టార్టింగ్‌లో బైక్ ముందు చక్రం లేచిపోకుండా చూసుకుంటూ ఉంటుంది, కారుకి ఆ బాధ లేదు, అందుకని మొదటి కొన్ని సెకన్లు కారువి, వంద దాటాక మళ్ళీ బైక్ లాగుద్ది. హయబుసా అంటే జపాన్‌లో ఒక డేగ పేరు, ఆ డేగ కూడా పైనుంచి దూకాకే స్పీడ్ అందుకుంటుంది.

బైక్‌కి అంత పికప్ ఉంటే ట్రాక్ మీద కారే ఫాస్ట్ అంటారేంటి?

ఎందుకంటే ల్యాప్ టైమ్ పికప్‌తో రాదు, మలుపుల్లోనూ బ్రేకుల్లోనూ వస్తుంది. మన దేశంలోనే లెక్క ఉంది. నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011లో ఫార్ములా వన్ కార్ల రేస్ జరిగినప్పుడు పోల్ ల్యాప్ (క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగిన చుట్టు) 1 నిమిషం 24 సెకన్లు. అదే చోట 2023లో బైకుల రేస్ మోటోజీపీ జరిగితే పోల్ దాదాపు 1 నిమిషం 44 సెకన్లు. బైకుల కోసం లేఅవుట్ కొద్దిగా మార్చి కాస్త పొట్టి చేశారు, అయినా 20 సెకన్లు తేడా. కారుకి నాలుగు వెడల్పు టైర్లు నేలని పట్టుకుంటాయి, గాలి పైనుంచి తొక్కుద్ది. బైక్ టైర్ వంగినప్పుడు నేలకి తగిలేది మన అరచెయ్యంత కూడా ఉండదు. బ్రేక్ గట్టిగా నొక్కితే కారు కూర్చుంటుంది, బైక్ వెనక చక్రం లేస్తుంది. నేను బైక్ మనిషినే, అయినా ఈ విషయంలో వాదించను.

పవర్ చూడాలా టార్క్ చూడాలా?

టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం, దాన్ని ఆర్‌పీఎమ్‌తో, అంటే నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చేదే పవర్, రెండూ వేరు వేరు దేవుళ్ళు కావు. చూడాల్సింది అది ఏ ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుంది అన్నది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కేటీఎం 390 డ్యూక్ కొత్తది పక్కపక్కన పెట్టండి. ఒకటి 47 పీఎస్, ఇంకోటి 46, కాగితం మీద కవలలే. కానీ ఇంటర్‌సెప్టర్‌కి టార్క్ 52 ఎన్ఎమ్, డ్యూక్‌కి 39. ఇంటర్‌సెప్టర్ 218 కేజీలు, డ్యూక్ 168. మద్దిలపాలెం సిగ్నల్ నుంచి హనుమంతవాక మెరక ఎక్కేటప్పుడు ఇంటర్‌సెప్టర్‌ని మూడో గేర్‌లో వదిలేస్తే అదే ఎక్కేస్తుంది, డ్యూక్‌కి ఒక గేర్ దించాలి, దించాక మాత్రం ఆపలేరు. గేర్లు మారుస్తూ ఉండటం మీకు సరదానా విసుగా, అది తేల్చుకుంటే ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంది.

ఆరెక్స్ 100లో అంత గొప్పేముంది, 11 హార్స్‌పవరే కదా?

11 హార్స్‌పవరే, కానీ బండి వంద కేజీల చుట్టుపక్కలే ఉంటుంది. పైగా టూ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) తిరిగిన ప్రతిసారీ మంట పడుద్ది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు సార్లు తిరిగితే ఒకసారి. కింద ఆర్‌పీఎమ్‌లో మామూలుగా ఉండి ఒక చోటికి రాగానే ఒక్కసారి అందుకుంటుంది చూశారా, దాన్నే మనవాళ్ళు పవర్ బ్యాండ్ అంటారు, ఆ తోపుకే జనం పడిపోయారు. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా వచ్చింది, పొగ రూల్స్ గట్టిపడ్డాక టూ స్ట్రోక్ బైకులన్నీ మెల్లగా పోయాయి. దాని పెద్దన్న ఆర్డీ 350, 1983లో రాజ్‌దూత్ పేరు మీద వచ్చింది, 347 సీసీ, రెండు సిలిండర్లు, హై టార్క్ వెర్షన్‌కి 30 హార్స్‌పవర్ పైన. అప్పట్లో మైలేజీ రాదని జనం దూరం పెట్టారు, ఇప్పుడు ఒరిజినల్ పార్టులతో ఉన్న బండి కనిపిస్తే దాని చుట్టూ తిరుగుతారు.

ఒక్కో బండి సౌండ్ ఒక్కోలా ఎందుకుంటుంది? సైలెన్సర్ వల్లేనా?

సైలెన్సర్ పావు వంతే, అసలు సంగతి క్రాంక్‌లో ఉంటుంది. సిలిండర్లలో మంటలు సమానంగా పడితే ఒకే తీగ మీటినట్టు కేక వస్తుంది, ఎగుడుదిగుడుగా పడితే గుండె కొట్టుకున్నట్టు వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ బైకుల్లో ఎక్కువ వాటికి ప్రతి 180 డిగ్రీలకీ ఒక మంట, అందుకే ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ ఆగని అరుపులా సాగుద్ది. ఇంటర్‌సెప్టర్ క్రాంక్ 270 డిగ్రీలది, అది రెండు సిలిండర్లు పక్కపక్కన ఉన్న ఇంజనే అయినా వీ ట్విన్‌లా (రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉన్న ఇంజన్‌లా) దడదడలాడుద్ది. కార్లలోనూ అంతే, మస్టాంగ్ వీ ఎయిట్, ఫెరారీ వీ ఎయిట్ రెండిట్లోనూ ఎనిమిదే సిలిండర్లు. మస్టాంగ్‌ది క్రాస్ ప్లేన్ క్రాంక్ కాబట్టి ఒక్కో వరసలో మంటలు అసమానంగా పడి గుడగుడమంటుంది, ఫెరారీది ఫ్లాట్ ప్లేన్ కాబట్టి సన్నగా కేకేస్తుంది. టర్బో బళ్ళలో పొగ ముందు టర్బైన్ని తిప్పి బయటికొస్తుంది కాబట్టి సౌండ్ కాస్త మూగబోద్ది. తెన్నేటి పార్క్ దాటాక కొండకీ సముద్రానికీ మధ్య రోడ్డు ఇరుకవుద్ది కదా, పొద్దున్నే అక్కడ నిలబడితే బండి కనపడకముందే కొండకి కొట్టుకుని వచ్చే సౌండ్‌తో ఏ బండో చెప్పేసే కుర్రాళ్ళున్నారు మా దగ్గర.

ఎలక్ట్రిక్ బళ్ళని కూడా ఈ లిస్టులో కలుపుతారా?

నేనైతే కలుపుతా. బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ 530 పీఎస్, వందకి 3.8 సెకన్లు, నాలుగు డోర్ల ఫ్యామిలీ కారు అది. బైకుల్లో బెంగళూరు వాళ్ళ అల్ట్రావయొలెట్ ఎఫ్77 ఉంది, 155 దాకా వెళ్తుంది, తిప్పగానే టార్క్ మొత్తం చేతికొస్తుంది. లోటు ఏంటంటే బరువు. ఆ సీల్ రెండు టన్నులు దాటుద్ది, సూటిగా పోతున్నంతసేపూ తెలీదు గానీ మలుపులో బ్రేక్ వేసినప్పుడు ఆ బరువంతా ముందుకి వచ్చి పడుద్ది.

## టెస్ట్ రైడ్ దశ

షోరూమ్ వాళ్ళిచ్చే పది నిమిషాల్లో ఏం చూడాలి?

స్పీడ్ చూడకండి, అది కాగితం మీద ఎలాగూ ఉంది. ముందు బండి ఆపి ఉండగా ఎక్కి కూర్చుని రెండు కాళ్ళూ ఆనుతున్నాయా, మణికట్ల మీద బరువు ఎంత పడుతోంది చూడండి. కదిలాక నడిచే స్పీడ్‌లో క్లచ్ మీద పట్టుకుని ట్రాఫిక్‌లో పాకించండి, రోజూ మీరు చేసేది అదే. ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి, ఒక యూ టర్న్ తీసుకోండి. బ్రేక్ లివర్ ఎంత నొక్కితే ఎంత పడుతోందో రెండు మూడు సార్లు చూడండి. కారు అయితే సీట్‌లో వెనక్కి ఆనుకుని స్టీరింగ్ పైన మణికట్టు ఆనుతుందా, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు ఎక్కడైనా తగులుతోందా, పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు, ఇవి. ఇంట్లోవాళ్ళ మాట తేలిగ్గా తీసుకోకండి, నడుం నొప్పి అన్న బండిలో రెండోసారి ఎక్కరు.

రెండు బళ్ళని న్యాయంగా పోల్చాలంటే ఎలా?

మేం ఏళ్ళ తరబడి కొట్టుకుని కొట్టుకుని చివరికి ఒక పద్ధతికొచ్చాం. ఒకే రోడ్డు, ఒకే పొద్దు, ఒకే మనిషి, టైర్లలో కంపెనీ చెప్పిన గాలి. మా రోడ్డు సబ్‌మెరైన్ నుంచి భీమిలి దాకా, సుమారు 30 కిలోమీటర్లు. అందులో సిటీ సిగ్నళ్ళున్నాయి, జోడుగుళ్ళపాలెం వంపులున్నాయి, రుషికొండ ఎత్తుపల్లాలున్నాయి, తొట్లకొండ దాటాక నిదానంగా సాగే రోడ్డుంది. వెళ్ళేటప్పుడు ఒక బండి, వచ్చేటప్పుడు ఇంకోటి, వచ్చే వారం తిరగేసి. దిగగానే మాట్లాడుకోకుండా ముందు ఎవరికి వాళ్ళు మూడు ముక్కలు ఫోన్‌లో రాసుకోవాలి, లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి అభిప్రాయమే అందరిదీ అయిపోద్ది. ఇలా చేశాక మా గుంపులో పెద్ద పెద్ద నమ్మకాలు కూలాయి. యమహా ఆర్15ని చిన్న బండని తీసిపారేసినవాడే ఆ వంపుల్లో దాని ముందు చక్రం చెప్పిన మాట వినడం చూసి నోరు మూసుకున్నాడు. 18 పీఎస్ బండి, 142 కేజీలు, ఆ రోడ్డుకి అది చాలు. స్పెక్ షీట్ చెప్పేది ఒక బండి ఏం చెయ్యగలదో, మీ రోడ్డు చెప్పేది దాంతో మీరు ఏం చెయ్యగలరో, పోలిక రెండోదానితోనే పెట్టండి.

సూపర్‌బైక్ వేడికి సిటీలో కాళ్ళు కాలిపోతాయంటారు, నిజమేనా?

మే నెలలో జగదాంబ జంక్షన్‌లో ఆగి చూడండి, నిజమే. లీటర్ బైక్ (వెయ్యి సీసీ చుట్టుపక్కల ఉండే బండి) ఇంజన్‌కి గాలి తగలాలి, ఆగిన చోట రేడియేటర్ ఫ్యాన్ ఆ వేడి గాలిని తీసుకొచ్చి మన తొడల మీదకే కొడుద్ది. పైగా మన ఊళ్ళో ఉక్క, చెమట ఆరదు. పొద్దున్న పూట నడుపుకునేవాళ్ళకి ఇది సమస్యే కాదు, రోజూ గాజువాక నుంచి ఆఫీసుకి వెళ్ళాలంటే మాత్రం రెండో బండి ఉండాల్సిందే. జీన్స్ కాకుండా రైడింగ్ ప్యాంట్ వేస్తే చాలా తేడా ఉంటుంది.

## డబ్బులు తీసే దశ

అన్నా, మొదటి బైకే డైరెక్ట్‌గా లీటర్ బైక్ కొనొచ్చా?

వద్దు తమ్ముడూ. చట్టం ఆపదు, గేర్ బండి లైసెన్స్ ఉంటే చాలు, షోరూమ్ వాడు ఆపడు, బ్యాంకు వాడు ఆపడు, అందుకే నేను ఆపుతున్నా. ఎందుకంటే చిన్న బండి మీద థ్రాటిల్ తప్పుగా తిప్పితే బండి నవ్వి ఊరుకుంటుంది, లీటర్ బైక్ మీద అదే తప్పు సగం సెకన్లో ఆసుపత్రి. ఆర్15 మీద ఒక ఏడాది, తర్వాత అపాచీ ఆర్ఆర్310, 390 డ్యూక్, ట్రయంఫ్ స్పీడ్ 400 లాంటి 40 పీఎస్ చుట్టుపక్కల బండి మీద రెండేళ్ళు, ఆ తర్వాత మీకే తెలుస్తుంది ఇంకా కావాలా అక్కర్లేదా అని. మా దగ్గర చాలామంది ఆ 40 పీఎస్ దగ్గరే హాయిగా ఆగిపోయారు. ఇంకోటి, బండి బడ్జెట్‌లో ఐదో వంతు హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్లకి ముందే పక్కన పెట్టండి, బండి కొన్నాక మిగిలినదాంతో కొందాం అంటే ఎప్పటికీ కొనరు.

కోట్లు లేవు, కానీ సరదాగా నడిచే కారు కావాలి. ఏది?

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఫోక్స్‌వ్యాగన్ వర్చుస్ జీటీ, ఈ రెండిట్లో ఒకటి. మొదటిది 1.0 టర్బో, 120 పీఎస్, సిటీకి సరిపోయే సైజు. వర్చుస్ జీటీది 1.5 టర్బో, 150 పీఎస్, 250 ఎన్ఎమ్, హైవే ఎక్కితే దాని దమ్ము తెలుస్తుంది. నా ఓటు వర్చుస్‌కి, మాన్యువల్ అయితే ఇంకా ఇష్టం. సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ టీఎస్ఐ మీద మోజున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, 2022లో పోలో ఆపేశారు గానీ ఆ మోజు ఆగలేదు. పాత 1.2 ఇంజన్ జీటీ టీఎస్ఐ అయితే దాంట్లో ఉండే డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ట్రాఫిక్‌లో తడబడుతోందా, మొదటి గేర్ నుంచి రెండులోకి వెళ్ళేటప్పుడు కుదుపు వస్తోందా ఇంజన్ వేడెక్కాక చూసుకోండి, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి.

350 సీసీ దాటితే ఖర్చు ఎక్కువ అంటారు, ఎందుకు?

రెండు చోట్ల. ఒకటి జీఎస్టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బైకులకి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటిన వాటికి సెస్‌తో కలిపి 31 ఉండేది 40కి వెళ్ళింది. రెండోది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, 2022 రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ మధ్య ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. కొత్త బైక్‌కి ఐదేళ్ళది ఒకేసారి కట్టాలి కాబట్టి ఆన్‌రోడ్ రేటులో అది కనపడుద్ది. అందుకని రెండు బైకుల్ని ఎక్స్ షోరూమ్ రేటు మీద పోల్చకండి, చేతికొచ్చే రేటు అడిగి కాగితం మీద రాయించుకోండి.

బెంగళూరు, ఢిల్లీ నుంచి సెకండ్ హ్యాండ్ తెచ్చుకుంటే లాభమేనా?

రేటు తక్కువ చూసి ఆశపడతాం, కాగితాలు కలిసొస్తేనే లాభం. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ ఉండి ఉంటే బ్యాంక్ ఎన్ఓసీతో పాటు లోన్ తీరిందని చెప్పే ఫారం 35, పేరు మార్పుకి 29, 30, ఇవి లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, ఆ లెక్క మన ఆర్టీవోలో ముందే కనుక్కుని రేటులో కలపండి. పెండింగ్ చలానాలు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూడండి. నీళ్ళలో మునిగిన కారు అయితే సీట్ బెల్ట్ పూర్తిగా బయటికి లాగి చివర్లో మట్టి గీత ఉందేమో చూడండి, డిక్కీలో స్టెప్నీ కింద చెయ్యి పెట్టి చూడండి. టైర్ మీద నాలుగంకెల నంబరుంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఓడోమీటర్ ఏడు వేలంటూ టైర్లు రెండోసారి మార్చినవైతే ఆ ఓడోమీటర్‌ని నమ్మకండి. కొనే ముందు ఇంకో మాట, ఆ బ్రాండ్ వర్క్‌షాప్ మన ఊళ్ళో ఉందా, లేక ప్రతి సర్వీసుకీ హైదరాబాద్ దాకా 600 కిలోమీటర్ల పైన ట్రక్ మీద పంపాలా అది అడగండి.

## ఇంటికొచ్చాక, ఉప్పుగాలితో కాపురం

బీచ్ రోడ్ దగ్గర ఉంటాం, తుప్పు నుంచి ఎలా కాపాడుకోవాలి?

వైజాగ్‌లో బండికి అసలు శత్రువు గుంతలు కాదు, ఈ గాలే. ఒక రాత్రి సముద్రం వైపు బయట పెట్టి పొద్దున్న చూడండి, డిస్క్ మీద నారింజ రంగు పొర వచ్చేసి ఉంటుంది, మొదటి బ్రేక్‌కి గర్రుమని గీరుకుని పోద్ది, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఫోర్క్ (ముందు చక్రం సస్పెన్షన్) గొట్టాలకి. మెరిసే ఆ రాడ్ మీద ముందు ఆవగింజంత తెల్ల చుక్క వస్తుంది, పట్టించుకోకపోతే అది గుంట అవుద్ది, ఆ గుంట అంచు ఆయిల్ సీల్‌ని కోస్తుంది, ఒకరోజు చూస్తే ముందు డిస్క్ మీద ఆయిల్ కారుతూ ఉంటుంది. మెత్తని గుడ్డతో వారానికి ఒకసారి ఆ రాడ్ తుడిచి సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి రాస్తే చాలు, పది నిమిషాల పని. బీచ్ వైపు వెళ్ళొచ్చిన రోజు మంచినీళ్ళతో కడగండి, ఇంజన్ చల్లారాకే, ప్రెషర్ వాషర్ని రేడియేటర్ రెక్కల మీదకీ బేరింగుల మీదకీ కొట్టకండి. బాడీ కవర్ అని ప్లాస్టిక్ పట్టా కప్పేస్తారు, లోపల తేమ పట్టి ఇంకా పాడవుద్ది, గాలాడే గుడ్డ కవర్ కప్పండి. కార్లకి వర్షాకాలం ముందు అండర్‌బాడీ కోటింగ్ వేయించండి. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలో తేమ పీలుస్తుంది, మన ఊళ్ళో రెండేళ్ళకి మించి ఉంచకూడదు.

చెయిన్ ఎన్ని రోజులకి చూసుకోవాలి?

500 కిలోమీటర్లకి ఒకసారి శుభ్రం చేసి లూబ్ వెయ్యాలి, వర్షంలోగానీ బీచ్ ఇసకలోగానీ తిరిగితే ఆ రాత్రే. లూబ్ స్ప్రే ఖరీదనిపిస్తే 90 నంబర్ గేర్ ఆయిల్ బ్రష్‌తో రాసినా బాగానే పని చేస్తుంది, కాకపోతే చిమ్ముద్ది. చెయిన్ బిగుతుగా ఉంటే మంచిదనుకోవద్దు, నాకు అలాగే అయింది. ఒక వర్క్‌షాప్‌లో సర్వీస్ చేయించి నేరుగా అరకు బయల్దేరా, అనంతగిరి ఎక్కుతుంటే గుంతలో పడినప్పుడల్లా ఫుట్ పెగ్ కింద నుంచి కరకరమని శబ్దం. పక్కకి ఆపి చెయిన్ కింద వేలు పెట్టి ఎత్తితే వీణ తీగలా ఉంది, కొంచెం కూడా కదల్లేదు. మనిషి కూర్చున్నాక వెనక సస్పెన్షన్ కిందికి దిగితే చెయిన్ ఇంకా బిగుసుకుంటుంది, ఆ లెక్క వాళ్ళు వేయలేదు. ఒక పాలవాన్ డ్రైవర్ గారి దగ్గర స్పానర్ తీసుకుని యాక్సిల్ నట్ వదులు చేసి సరిచేసుకున్నా. అప్పట్నుంచి సర్వీస్ నుంచి బండి తీసుకోగానే అక్కడే చెయిన్ ఎంత కదులుతోందో వేలితో చూస్తా, ఎంత కదలాలో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి భాగం) మీద స్టిక్కర్‌లో ఉంటుంది.

ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ పాత బండికి పడుద్దా?

2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్ళ రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి) తట్టుకునేలా చేసినవే. ఆరెక్స్, ఆర్డీ లాంటివాటి పైపులు, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌కి మెత్తబడి పగులుతాయి, కొత్త రకం మెటీరియల్ పైపులు వేయించేస్తే సగం తలనొప్పి పోద్ది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి మన ఉక్కలో నెల రోజులు కదలకుండా పెడితే ట్యాంక్ అడుగున నీరు చేరి తుప్పు మొదలవుద్ది. పాత బండిని ఎక్కువ రోజులు పెట్టాల్సొస్తే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి.

సౌండ్ సైలెన్సర్ వేయించుకోవచ్చా?

కుదరదు. కంపెనీ ఇచ్చిన బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో ఉంది, శబ్దం పరిమితి దాటితే వేరే కేసు. పైగా అర్ధరాత్రి ఆసుపత్రుల ముందు నుంచి ఆ సౌండ్ వేసుకెళ్ళేవాళ్ళ వల్లే మనందరికీ చెడ్డపేరు.

## రోడ్డెక్కాక

అరకు ఘాట్‌కి బైక్ మంచిదా కారు మంచిదా?

వానలు లేని నెలల్లో బైక్, వానల్లో కారు, నా జవాబు ఇంతే. ఎస్ కోట దాటి ఘాట్ ఎక్కాక హెయిర్‌పిన్‌లో బస్సు వస్తే రోడ్డంతా దానికే కావాలి, బైక్ పక్కకి నక్కగలదు. వానలో మాత్రం కొండ మీంచి జారిన ఎర్రమట్టి, తడి ఆకులు మలుపు మధ్యలోనే ఉంటాయి, కారు అయితే కాస్త జారి తేరుకుంటుంది, బైక్ అయితే పడిపోవడమే. దిగేటప్పుడు రెండిట్లోనూ ఒకటే మంత్రం, ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి, బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే సగం దారిలో బ్రేకులు కాలి పెడల్ మెత్తబడిపోద్ది. ఆటోమేటిక్ కారు అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు, లో బీమే.

అరకులో నా బండి లాగట్లేదు, ఏమైనా పాడైందా?

పాడవ్వలేదు, గాలి పల్చబడింది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ప్రతి వంద మీటర్లకీ మామూలు ఇంజన్ పవర్ దాదాపు ఒక శాతం పోద్ది, అంటే పైన తొమ్మిది పది శాతం తక్కువ. ఇంజెక్షన్ బండి పెట్రోల్ని తగ్గించుకుని సర్దుకుంటుంది గానీ లేని గాలిని తేలేదు. కార్బురేటర్ బండి సర్దుకోలేదు, పెట్రోల్ ఎక్కువై బొయ్‌మని మొద్దుబారుద్ది. టర్బో కారు గాలిని నొక్కి లోపలికి పంపుద్ది కాబట్టి దానికి ఈ తేడా పెద్దగా తెలీదు. కింద సమానంగా ఉన్న రెండు బళ్ళు పైన సమానంగా ఉండకపోవడానికి కారణం ఇదే.

రాత్రి బీచ్ రోడ్ ఖాళీగా ఉంటుంది కదా, ఒకసారి లాగి చూస్తే ఏమవుద్ది?

లెక్క చెప్తా వినండి. 60లో ఉండగా ఏదైనా కనపడి బ్రేక్ వేస్తే మెదడుకి పట్టే ఒక సెకన్‌తో కలిపి సుమారు 37 మీటర్లలో ఆగుతారు. 120లో అయితే 113 మీటర్లు. స్పీడ్ రెండింతలు, బ్రేకింగ్ దూరం నాలుగింతలు. మీ హెడ్‌లైట్ లో బీమ్‌లో మనిషి కనపడేది ఆ 113 మీటర్ల కంటే చాలా దగ్గర్లో. రాత్రి ఆ రోడ్డు ఖాళీ కాదు, తెల్లవారుజామున వలలు భుజాన వేసుకుని రోడ్డు దాటే జాలర్లుంటారు, రుషికొండ వైపు ఆవులు డివైడర్ పక్కనే పడుకుంటాయి. మా గుంపులో ఇది ఒక్కటే గట్టి రూల్, రోడ్డు మీద రేసులు పెట్టేవాళ్ళు మాతో రాకూడదు, రెండుసార్లు ఇద్దరిని వద్దని చెప్పేశాం కూడా.

మరి తనివితీరా స్పీడ్‌గా నడపాలంటే ఎక్కడికెళ్ళాలి?

ట్రాక్‌కి. మన ఊళ్ళో లేదు, మనకి అనువైనది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ రేస్ ట్రాక్, ల్యాప్ 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది, అది 2.1 కిలోమీటర్లు, చిన్న బైకులకి బాగుంటుంది. ట్రాక్ స్కూళ్ళు పెడుతుంటారు, కొన్నిచోట్ల బండి కూడా వాళ్ళే ఇస్తారు కాబట్టి సొంత బండిని 800 కిలోమీటర్లు తోలుకెళ్ళక్కర్లేదు, ట్రైన్ ఎక్కి హెల్మెట్, లెదర్ సూట్ పట్టుకెళ్తే చాలు, సూట్ అద్దెకి దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి అడగండి. మొదటి రోజు టైమ్ చూసుకోకండి, ఇన్‌స్ట్రక్టర్ వెనకాల ఆయన వేసిన గీత మీదే వెళ్ళండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నానికి ముంజేతులు పట్టేసి వాటర్ బాటిల్ మూత తిప్పలేకపోయా, బ్రేకులు ఎంత గట్టిగా వాడొచ్చో అప్పటిదాకా నాకు తెలీదు. ముందు రోజు రాత్రి బాగా పడుకోండి, నీళ్ళు ఎక్కువ తాగండి, గ్లవ్స్ రెండు జతలు పట్టుకెళ్ళండి, చెమటకి ఒకటి తడిసిపోద్ది.